చాదస్తమా, ఓసీడీనా: గీత ఎక్కడుందో మీకు మీరే చూసుకోవడం ఎలా

గేటు దాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానా లేదా అని డౌటొచ్చి వెనక్కి వచ్చి చూసుకున్నంత మాత్రాన ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి మళ్ళీ మళ్ళీ చేసే పనులు) అయిపోదు. అల్మారాలో చీరలు రంగుల వరసలో సర్దుకుని "నాకు కొంచెం ఓసీడీలెండి" అని నవ్వుతూ చెప్పుకునేవాళ్ళలో చాలామందికి ఉన్నది శుభ్రత మీద ఇష్టం, అంతే. ఇంకో పక్క చూస్తే, పొద్దున్నే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి రెండు గంటల తర్వాత చేతులు ఎర్రగా కమిలిపోయి బయటికొచ్చే కోడలినో, పడుకునే ముందు గొళ్ళెం ఇరవైసార్లు లాగి చూసే నాన్ననో "వాళ్ళకి చాదస్తం ఎక్కువలే" అని ఏళ్ళకేళ్ళు వదిలేసే ఇళ్ళూ మనవే. మొదటిది పెద్ద నష్టం లేని అతిశయోక్తి. రెండోది వైద్యం ఉన్న జబ్బుకి స్వభావం అని పేరు పెట్టి కూర్చోవడం, నాకు బాధ కలిగేది దీని గురించే.

ఇది చదివి మీకు మీరే జబ్బు ఖాయం చేసేసుకోండని చెప్పడం లేదు, ఆ పని సైకియాట్రిస్టుది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలా అక్కర్లేదా అని ఎటూ తేల్చుకోలేక లోపల్లోపల నలిగిపోయేవాళ్ళు ముందు ఇంట్లో కూర్చుని ఏం చూసుకోవచ్చో చెప్తాను.

ఆలోచన ఎలాంటిదన్నది పక్కన పెట్టండి

గీత కోసం వెతికేటప్పుడు అందరూ ముందు ఆలోచననే పట్టుకుంటారు, "ఇంత పాడు ఆలోచన మామూలు మనిషికి వస్తుందా?" అని. వస్తుంది. చంటిపిల్లను ఎత్తుకుని బాల్కనీలో నిలబడితే కిందికి విసిరేస్తానేమో అనిపించడం, కూరగాయలు తరుగుతుంటే చేతిలో కత్తి పక్కనున్న మనిషికి దిగినట్టు కళ్ళ ముందు మెదలడం, రైలు వస్తుంటే దూకేస్తానేమో అనిపించడం, గర్భగుడి ముందు దణ్ణం పెట్టుకుంటుంటే మనసులో బూతుమాట తిరగడం, సొంతవాళ్ళ మీద రాకూడని లైంగిక ఊహ రావడం. వీటిని ఎవరూ పైకి చెప్పుకోరు కాబట్టి ఎవరికి వాళ్ళు ఇది తమకొక్కరికే వచ్చిందనుకుంటారు.

1978లో లండన్‌లో మనస్తత్వవేత్తలు స్టాన్లీ రాచ్‌మన్, శ్రీలంక నుంచి వెళ్ళిన పద్మల్ డి సిల్వా కలిసి ఈ సంగతి పరిశీలించారు. ఏ జబ్బూ లేనివాళ్ళని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది దాకా తమకూ ఇలాంటివి వస్తాయన్నారు. మామూలువాళ్ళ ఆలోచనల్నీ, ఓసీడీ ఉన్నవాళ్ళ ఆలోచనల్నీ కలిపేసి నిపుణుల ముందు పెడితే ఏది ఎవరిదో వాళ్ళు కూడా సరిగా విడదీయలేకపోయారు. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఆరు ఖండాల్లోని 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను అడిగితే, గత మూడు నెలల్లో ఇలాంటి ఆలోచన ఒక్కటైనా వచ్చిందన్నవాళ్ళు దాదాపు 94 శాతం. మన దేశంలో 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఓసీడీ ఉన్నట్టు తేలిన పెద్దవాళ్ళేమో నూటికి ఒకరి కన్నా కాస్త తక్కువ. పిచ్చి ఆలోచన రావడమే జబ్బయితే దాదాపు అందరం జబ్బువాళ్ళమే అయి ఉండాలి.

కాబట్టి ఆలోచన వచ్చాక ఏం జరిగిందో చూడండి. మామూలుగా అయితే "ఛీ, ఇదేం ఆలోచన" అనుకుని మళ్ళీ చేస్తున్న పనిలో పడిపోతాం. ఓసీడీలో అదే ఆలోచన మన మీద మనకే సాక్ష్యంలా కనిపిస్తుంది: నాకిలా అనిపించిందంటే నేను నిజంగానే అలాంటి మనిషినేమో, ఎప్పుడో చేసేస్తానేమో, ఇప్పుడే ఏదో ఒకటి చేయకపోతే రేపు జరిగేదానికి పాపం నాదేనేమో. ఆ భయం తగ్గించుకోవడానికి ఒక పని మొదలవుతుంది, కడగడమో, చూడడమో, ఎవరినైనా అడగడమో, లోపల ఏదో చదువుకోవడమో. చేయగానే కాసేపు హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది, ఎందుకంటే ఆ పని చేయబట్టే గండం గడిచిందని మెదడు నేర్చేసుకుంటుంది, తర్వాతిసారి ఇంకొంచెం ఎక్కువ అడుగుతుంది. వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేసినట్టు ఉంటుంది వ్యవహారం: కట్టిన పూట ప్రాణం తేలిక పడుతుంది, అసలు పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ చాలామంది తప్పిపోయేది ఒకటుంది. "నేను చేతులు కడగను, తాళాలు చూడను, నాకు ఆలోచనలే వస్తాయి, కాబట్టి నాది ఓసీడీ కాదు" అనుకుంటారు. పైకి కనపడని పనులు బోలెడన్ని ఉంటాయి. నిన్న బండి మీద వస్తుంటే తగిలింది స్పీడ్ బ్రేకరేనా, మనిషా అని దారంతా బుర్రలో మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకోవడం, చెడ్డ మాట తట్టినప్పుడల్లా దేవుడి పేరు సరి సంఖ్యలో అనుకోవడం, "నేను మంచిదాన్నే కదా?" అని భర్తని రోజూ అడగడం, ఒకే లక్షణం గురించి అర్ధరాత్రి దాకా గూగుల్‌లో వెతకడం, తాళం ఫోటో తీసుకుని ఆఫీసులో పదిసార్లు ఆ ఫోటో చూడడం, ఇవన్నీ కడగడంతో సమానమే.

వారం రోజులు రాసి చూడండి

ఒక చిన్న నోట్‌బుక్ చాలు, ఫోన్‌లో నోట్స్ అయినా పర్లేదు. ఆలోచనలు రాయొద్దు, వాటి తర్వాత చేసిన పనులు రాయండి, ఎంతసేపు పట్టిందో అంచనాగా రాయండి, దానివల్ల ఏది ఆగిపోయిందో రాయండి. రాత్రి పడుకునే ముందు ఒకే ఒక్కసారి, నాలుగైదు లైన్లు. గంటగంటకీ రాయడం మొదలుపెట్టి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, కొట్టేసి మళ్ళీ రాయడం వరకూ వెళ్తే నోట్‌బుక్ మూసేయండి. ఆ రాతే ఇంకో కడుగుడు అయిపోయింది, మీరు డాక్టరుకి చెప్పాల్సిన మొదటి విషయం అదే.

వారం అయ్యాక ముందు టైమ్ కూడండి. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే పుస్తకం ప్రకారం ఈ ఆలోచనలు, పనులు కలిపి రోజుకి గంట కన్నా ఎక్కువ తినేస్తుండాలి, లేదా మనిషిని బాగా బాధపెడుతుండాలి, లేదా ఉద్యోగం, చదువు, సంసారం లాంటివాటికి అడ్డం పడుతుండాలి. ఈ 'లేదా'ని చాలామంది చదవరు. నలభై నిమిషాలే కదా అని ఊరుకోకండి, ఆ నలభై నిమిషాల వల్ల రోజూ బస్సు తప్పిపోతుంటే, పాపకి పాలివ్వడానికే భయమేస్తుంటే అది లెక్కలోకి వస్తుంది. టైమ్ లెక్కేసేటప్పుడు తప్పించుకోవడాన్ని కూడా కలపండి. వంటింట్లోకి వెళ్ళడం మానేసినవాళ్ళు గ్యాస్ చెక్ చేయరు మరి, వాళ్ళ లెక్క సున్నా వస్తుంది, జబ్బు మాత్రం ముదిరి ఉంటుంది.

తర్వాత, చూసుకున్నాక డౌట్ తీరుతోందా అని చూడండి. మామూలు మనిషి వెనక్కి వచ్చి రెగ్యులేటర్ చూసుకుంటే అక్కడితో కథ అయిపోతుంది, బస్సెక్కాక గుర్తు కూడా ఉండదు. ఓసీడీలో చూసిన కొద్దీ డౌట్ పెరుగుతుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు, 2003లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు మామూలు విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యి మళ్ళీ మళ్ళీ వెలిగించి, ఆపించి, చెక్ చేయించారు. చివర్లో అడిగితే వాళ్ళు చెప్పిన జవాబుల్లో తప్పులేమీ పెరగలేదు, కానీ తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం పడిపోయింది, చూసిన బొమ్మ మసకబారిపోయింది. ఓసీడీ లేనివాళ్ళకే ఇలా అయితే రోజూ ఇరవైసార్లు చూసుకునేవాళ్ళ సంగతి వేరే చెప్పాలా. "మతిమరుపొచ్చిందేమో" అని బాదంపప్పులు నానబెట్టి పెట్టే అమ్మలకి ఈ ముక్క చెప్పాలి.

మూడోది వాయిదా వేయడం. చేయాలనిపించిన పనిని పది నిమిషాలు ఆపి చూడండి, మధ్యలో వేరే పనేదో చేసుకోండి. పది నిమిషాల్లో ఆ ఊసే మర్చిపోయారంటే మీరు చాలావరకు గీతకి ఇవతలే ఉన్నారు. ఆపగలిగారు గానీ గుండె దడ, చెమటలు, పది నిమిషాలూ గడియారం చూస్తూనే గడిచిందంటే జాగ్రత్తగా గమనించుకోవాలి. అసలు రెండు నిమిషాలు కూడా ఆపలేకపోతే, ఇది రోజూ ఉంటే, నా ఉద్దేశంలో ఇంక ఆలోచించేదేం లేదు, డాక్టరుకి చూపించుకోవడమే.

చివరిది ఇంట్లోవాళ్ళని అడగండి, "నా వల్ల మీరు ఏమేం మార్చుకున్నారు?" అని. బయటినుంచి రాగానే బట్టలు గుమ్మంలోనే విప్పేయాలి, చిల్లర డబ్బులు కడిగి ఇవ్వాలి, పడుకునే ముందు "తలుపు వేశావు, నేను చూశాను" అని ఆరుసార్లు చెప్పాలి, అతిథుల్ని పిలవకూడదు. ఇంట్లో నలుగురూ ఒకరి భయం చుట్టూ తిరగడం మొదలైందంటే గీత దాటి చాలాకాలమే అయి ఉంటుంది, అలవాటైపోవడం వల్ల ఎవరికీ కనపడదు.

మడి, మైల, శకునం సంగతి

మన ఇళ్ళలో ఈ గీత మరీ గజిబిజిగా ఉండేది ఇక్కడే. ఒకరు తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరడం ఆచారం. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు విసుక్కుంటూనే నీళ్ళు తాగి పోతారు. మడి కట్టుకుని వంట చేసే నాయనమ్మని చూడండి, ఎవరైనా ముట్టుకుంటే గయ్యిమంటుంది, మళ్ళీ స్నానం చేస్తుంది, వచ్చి పప్పు తాలింపు పెడుతుంది. అయిపోయింది. ఆచారానికి ఒక కొలత ఉంటుంది, అది ఊళ్ళో అందరికీ తెలుసు, చేస్తే పూర్తవుతుంది.

ఓసీడీకి ఆ కొలత ఉండదు. స్నానం చేశాక "సరిగ్గా చేసినట్టు అనిపించడం లేదు" అని మళ్ళీ, అప్పుడు బకెట్ అంచు తగిలిందేమోనని ఇంకోసారి. సహస్రనామం చదువుతుంటే ఒక నామం దగ్గర మనసు పక్కకి పోయిందని మొదటి శ్లోకం నుంచి ఎత్తుకోవడం, అలా గంటన్నర. ముస్లిం ఇళ్ళలో నమాజుకి ముందు చేసే వుజూ సరిగా అయ్యిందో లేదోనని మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళని వస్‌వసా పట్టిందంటారు, దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్ళమని మతపెద్దలే చెప్తుంటారు. చర్చిలో ఎంత ప్రార్థన చేసినా తన పాపం క్షమించబడలేదని అదే పాపాన్ని వారం వారం ఒప్పుకునేవాళ్ళు కూడా ఇదే కోవలోకి రావచ్చు.

అందుకని ఒక తేలికైన పద్ధతి: మీ ఇంట్లోనో వీధిలోనో ఆ ఆచారాన్ని బాగా నిష్ఠగా పాటించే పెద్దమనిషిని అడగండి. పూజారి గారో, ఇమాం గారో, ఆ మడి నాయనమ్మో ఎవరైనా సరే. వాళ్ళే "ఇంత అక్కర్లేదమ్మా" అంటే, ఆ మాట విన్నాక కూడా మీకు మనసు ఒప్పక ఇంకొకర్ని అడగాలనిపిస్తే, అది భక్తి వల్ల జరుగుతున్నది కాదు. ఒక్కరినే, ఒక్కసారే అడగండి సుమా.

ఓసీడీ కానివి

ఈఎంఐలు, అమ్మాయి పెళ్ళి, అమెరికాలో వీసా పొడిగింపు, వీటి గురించి రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే అది దిగులు. నిజమైన సమస్యల మీద నడుస్తుంది, ఎక్కువైతే దానికీ వైద్యం ఉంది గానీ వేరే పేరు. విడిపోయిన మనిషి గురించి రోజంతా తలుచుకోవడం, పాత అవమానం తవ్వుకోవడం కూడా మామూలుగా ఇందులోకి రావు. పేకాట, షాపింగ్, ఫోన్ వ్యసనాల్లో చేసేటప్పుడు సరదా ఉంటుంది, ఓసీడీ పనుల్లో సరదా అనేదే ఉండదు, ఏడుస్తూ చేస్తారు. అన్నీ తను చెప్పినట్టే జరగాలని, తన పద్ధతే సరైందని గర్వపడే మేనేజరుది స్వభావం, మహా అయితే వ్యక్తిత్వానికి సంబంధించిన ఇంకో సమస్య. ఓసీడీ ఉన్న మనిషికి ఎక్కువసార్లు తను చేస్తున్నది అర్థం లేనిదని తెలిసే ఉంటుంది, తెలిసీ ఆపలేకపోవడమే నరకం.

హింసాత్మక ఆలోచనలు వచ్చేవాళ్ళకి ఒక మాట. ఆలోచన రాగానే వణికిపోయి కత్తులు దాచేసే తల్లి, బిడ్డకి హాని చేయాలనుకునే మనిషి, ఇద్దరూ ఒకటి కాదు. మనిషి దేన్ని ప్రాణంగా చూసుకుంటారో దాని మీదే ఓసీడీ దెబ్బ కొడుతుంది, అందుకే పసిబిడ్డల తల్లులకి బిడ్డ గురించి, భక్తులకి దేవుడి గురించి వస్తాయి. కాన్పు తర్వాత ఇలాంటి ఆలోచనలు తళుక్కున రావడం చాలామంది తల్లులకి ఉన్నదే. కానీ బాలింతకి గొంతులు వినిపిస్తున్నా, బిడ్డలో దెయ్యం ఉందని నమ్ముతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎవరికైనా సరే చచ్చిపోవాలనే కోరిక కలుగుతున్నా ఈ వారం రోజుల లెక్కలన్నీ వదిలేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి.

గీతకి ఇవతల ఉంటే

ఆలోచనని తరమకండి. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త విద్యార్థులకి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి చూశాడు, వాళ్ళకి అదే పదే పదే గుర్తొచ్చింది. వచ్చిందా, రానీ, పోనీ అనుకుని చేతిలో పని చేసుకోండి. తాళం ఒకసారి వేసి ఒకసారి లాగి చూడండి, ఫోటోలు వద్దు. నిద్ర లేనప్పుడు, పరీక్షల ముందు, గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక ఇవి పెరగొచ్చు కాబట్టి ఒక నెల ఆగి మళ్ళీ వారం రాసి పోల్చుకోండి. ఇంటర్ పిల్లలున్నవాళ్ళు కొంచెం కన్నేసి ఉంచండి, ఎందుకంటే ఓసీడీ చాలామందిలో చిన్నతనంలోనో, ఇరవైల లోపో మొదలవుతుంది, పిల్లలు నోరు తెరిచి చెప్పరు. రాసింది చెరిపి చెరిపి కాగితం చిరిగిపోవడం, ఒకే పేజీ దగ్గర గంట కూర్చోవడం, ఓఎంఆర్ షీట్‌లో నింపిన గడినే మళ్ళీ మళ్ళీ దిద్దుతూ టైమ్ అయిపోవడం లాంటివి కనిపిస్తే బద్ధకమని తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి.

అవతల ఉంటే

ముందు సైకియాట్రిస్టు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి, పెద్ద ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంటర్నేషనల్ ఓసీడీ ఫౌండేషన్ వెబ్‌సైటులో థెరపిస్టుల జాబితా దొరుకుతుంది. అక్కడి థెరపిస్టుకి మైల, ఎంగిలి అంటే ఏమిటో, మామూలుగా మన ఇళ్ళలో ఎంతవరకు పాటిస్తారో మీరే ముందు చెప్పాలి, లేకపోతే ఆచారాన్ని జబ్బని, జబ్బుని ఆచారమని పొరబడే ప్రమాదం ఉంది.

డాక్టరు దగ్గర సిగ్గుపడి "టెన్షన్‌గా ఉంటోందండి" అని ఊరుకుంటే నిద్రమాత్రతో ఇంటికొస్తారు. నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి, వారం నోట్స్ ఇవ్వండి. వాళ్ళు వినని బూతు, వాళ్ళు చూడని భయం ఉండవు. ఓసీడీ ఎంత ముదిరిందో కొలవడానికి 1989లో తయారైన యేల్-బ్రౌన్ స్కేల్ అని పది ప్రశ్నలుంటాయి, 40కి మార్కులు, ఎంత టైమ్ పోతోంది, ఎంత అడ్డం, ఎంత బాధ, ఎంత ఆపుకోగలుగుతున్నారు అని అడుగుతారు. ఆలోచన ఎంత ఘోరమైనదన్న దానికి మార్కుల్లేవు చూడండి.

మందుల్లో ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవాక్సమిన్ లాంటివి ఎక్కువగా వాడతారు, డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా ఓసీడీకి తరచూ ఎక్కువ డోసు పడుతుంది, గుణం తేలడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండు వారాలు వేసుకుని "పనిచేయట్లేదు" అని ఆపేయకండి, తగ్గిందని చెప్పాపెట్టకుండా మానేయకండి. ఇవి మత్తుమందులు కావు.

మాటల చికిత్సలో అడగాల్సిన పేరు ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్). 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త చూపించిన దారి ఇది: భయపెట్టేదానికి కొద్దికొద్దిగా ఎదురు నిలబడడం, ఆ తర్వాత చేసే పనిని ఆపడం. తలుపు గొళ్ళెం ముట్టుకుని, చేయి కడుక్కోకుండా, భయం ఉన్నా అలాగే కూర్చోవడం. ముందు చిన్నవాటితో మొదలుపెడతారు, థెరపిస్టు పక్కనుంటారు, బలవంతం ఉండదు.

ఇంట్లోవాళ్ళు ఒక్కసారిగా కటువుగా మారి "ఇంక నేను చెప్పను పో" అనొద్దు, అది పంతం కిందికి వస్తుంది. ఇద్దరూ కూర్చుని ముందే ఒప్పందం చేసుకోండి: ఆరుసార్లు చెప్పేది వచ్చే వారం నాలుగు, తర్వాత రెండు. అడిగినప్పుడు "ఇది నీ ప్రశ్న కాదు, ఓసీడీ అడుగుతోంది, జవాబు చెప్పను గానీ నీ పక్కనే కూర్చుంటా" అనండి, నిజంగానే కూర్చోండి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో "మీరు ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా?" అని అడగండి. "ఆలోచనలు రాకుండా మనసు మళ్ళించుకోవడం నేర్పిస్తాం" అని మాత్రమే చెప్పే చోట డబ్బు కట్టకుండా, ఈఆర్‌పీ తెలిసినవాళ్ళు ఎవరున్నారో మీ సైకియాట్రిస్టునే అడగండి, ఆన్‌లైన్‌లో చేసేవాళ్ళయినా సరే.